తెగితే

1వ రోజు, అమావాస్య. పోటు మీద మిగిలింది: మూడు అడుగులు.

రోజూ నాలుగు ముక్కలు రాయకపోతే నేర్చుకున్న రాత చేతిలోంచి జారిపోతుందని మాస్టారు అన్నారు. ఏం రాయమంటారని అడిగాను. పొద్దున లేచి ఏం చేశావో అదే రాయమన్నారు. ఎప్పటిదో బడి హాజరు పుస్తకం ఒకటి ఇచ్చారు. దానిలో సగం కాగితాలు ఖాళీ.

నా పేరు నూకరత్నం. నలభై నాలుగేళ్ళు. గట్టు తూముకి కాపలాదారుని. సముద్రం వెనక్కి తీసినప్పుడు తూము తలుపు ఎత్తి మురుగు నీళ్ళు బయటికి వదలాలి, పోటు రాకముందే దించెయ్యాలి. ఇవాళ తలుపు మరకి గ్రీజు పెట్టాను. అడుగున చిక్కుకున్న నాచు పీకి పారేశాను.

మా గట్టు పొడవు మైలున్నర. అటు సముద్రం, ఇటు మా ఇళ్ళు. మొత్తం మూడు వందల పన్నెండు మందిమి. పోటు మీద ఉన్నప్పుడు సముద్రం మా ఇళ్ళ కప్పుల ఎత్తున ఉంటుంది. ఈ సంగతి నాకు ఈమధ్యే తెలిసింది. ఇరవై ఏళ్ళుగా రోజూ చూస్తూనే ఉన్నాను, అయినా తెలియలేదు.

అందరి చెవిలోనూ గింజ ఉంటుంది. కందిగింజంత. పుట్టిన ఆరో నెలలో పెడతారు. నా చెవిలో ఇప్పుడు లేదు. ఏడు నెలల కిందట చెవి చీము పట్టడంతో తీసెయ్యాల్సి వచ్చింది. తీసిన మర్నాడు చేపలు ఆరబెట్టే చోట నిలబడి "నాకు" అన్నాను. మిగతాది రాలేదు. ఎప్పుడూ మొదటి మాట నేనంటే తరవాతవి గింజ అందించేది, నేను పలికేదాన్ని. అవి నా మాటలే అనుకునేదాన్ని. ఆ రోజు "నాకు" దగ్గరే నిలబడిపోయాను. దాహమో, ఆకలో, నొప్పో తెలియలేదు. చాలాసేపటికి తెలిసింది, అది భయమని.

అప్పుడు నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది గవరయ్య మాస్టారు. ఆయనకి ఎనభై మూడేళ్ళు. గింజలు రాకముందు బడిలో పాఠాలు చెప్పేవారట. ఆయన గింజ పెట్టుకోలేదు. అందుకే ఆయనతో ఎవరూ ఎక్కువసేపు మాట్లాడరు. ఆయన మాట మధ్యలో ఆగి ఆలోచిస్తారు. ఆ ఆగడం జనానికి భరించరానిది.

తూము పక్కన రాయి మీద గీతలున్నాయి. ఇన్నాళ్ళూ వాటి మీద తడిబట్టలు ఆరేశాను. అవి అంకెలని, గట్టు అంచు నుంచి నీటిదాకా ఎంత మిగిలిందో చెబుతాయని మాస్టారు చూపించారు. పైన రాసింది ఆ లెక్కే.

30వ రోజు, అమావాస్య. మిగిలింది: రెండడుగుల ఎనిమిది అంగుళాలు.

నెల కిందట మూడడుగులు. ఇవాళ నాలుగంగుళాలు తక్కువ. నేను తప్పు చూశానేమోనని మోకాళ్ళ మీద కూర్చుని మళ్ళీ చూశాను.

ఆ సమయానికి ముత్యాలు బావ వల భుజాన వేసుకుని అటుగా వచ్చాడు. మా అక్క భూషణం మొగుడు. గట్టు మీద ఏ బరువు లేపాలన్నా మొదట చెయ్యి వేసేది ఆయనే. రాయిని అలా చూస్తున్నావేంటి, పెళ్ళిచూపులా అన్నాడు. నీళ్ళు పెరిగాయి బావా అన్నాను. ఆయన తల పక్కకి వంచి విన్నాడు. అందరూ వినేటప్పుడు అలాగే వంచుతారు. మామూలేనంట అని చెప్పి, నాకో మాగ చేప ఇచ్చి వెళ్ళిపోయాడు.

సాయంత్రం మాస్టారిని అడిగాను. గింజకి మామూలు అంటే గడిచిన నలభై రోజుల సగటని చెప్పారు. నీళ్ళు ఒక్కసారిగా పెరిగితే అది అరుస్తుంది. రోజుకింత చొప్పున పెరిగితే దానితోపాటే మామూలు కూడా పెరుగుతుంది. ఎవరూ కావాలని చెయ్యలేదట. గింజలు చేసినవాళ్ళు పోయి కూడా చాలాకాలమైందట.

నాకు అన్నం సయించలేదు.

38వ రోజు.

చెవి నయమైంది. అక్క సంతోషంతో తనే దగ్గరుండి గింజ పెట్టించింది. నాకూ సంతోషమే. అబద్ధం రాయను. అమ్మ గొంతు విని ఎనిమిది నెలలైంది. గింజ ఎవరికి ఇష్టమైన గొంతుతో వాళ్ళకి మాట్లాడుతుంది. నాకు మా అమ్మ గొంతు.

39వ రోజు.

మామూలే.

40వ రోజు.

మామూలే.

41వ రోజు.

మామూలే.

46వ రోజు. మిగిలింది: మూడడుగుల ఒక అంగుళం. ఇవాళ పౌర్ణమి దాటి మర్నాడు, అమావాస్య కాదు, దీన్ని దానితో పోల్చకూడదు.

అక్షరాలు సరిగా రావడం లేదు.

నేను రావడం మానేశానని మాస్టారు కర్ర పట్టుకుని తూము దాకా నడిచి వచ్చారు. నా పుస్తకం తీసి చదివారు. మామూలే, మామూలే, మామూలే. తరవాత నాలుగు రోజులు అసలేమీ లేదు. ఇది ఎవరి రాత అని అడిగారు. నాదే. కానీ రాసినట్టు గుర్తు లేదు. రాయి వైపు వెళ్ళినట్టు గుర్తు లేదు. ఆ వారం రోజులూ నేను హాయిగా ఉన్నాను. రోజంతా అమ్మ పక్కన ఉన్నట్టే ఉంది. నీళ్ళు ఎంత ఉన్నాయని ఒక్కసారి కూడా నాకు అనిపించలేదు. ఆ ప్రశ్న మొదలయ్యే చోటికి నేను చేరుకునేలోపే అమ్మ ఇంకో మాట అందించేది.

ఆ కాగితం చూడకపోతే ఎప్పటికీ తెలిసేది కాదు.

మాస్టారి ఎదుటే గింజ పీకేశాను. రక్తం వచ్చింది. తలుపు ఎత్తి ఉన్నప్పుడు తూములో వదిలేశాను. అమ్మని వదిలేసినట్టుంది. ఏడ్చాను.

59వ రోజు, అమావాస్య. మిగిలింది: ఒక అడుగు పది అంగుళాలు.

మొదటి నెల తగ్గింది నాలుగంగుళాలు. రెండో నెల పది. కాగితం మీద తీసివేత చేశాను. మూడో నెలకి అంతకంటే ఎక్కువ తగ్గుతుంది. ఎంత ఎక్కువో తెలియదు. పదహారైతే ఆరంగుళాలు మిగులుతుంది, ఇరవై రెండైతే ఏమీ మిగలదు. గాలి కూడా తోడైతే అనుకుని కలం కింద పెట్టేశాను.

అక్క దగ్గరికి పరిగెత్తాను. అక్క ఈ గట్టుకి పెద్ద. తెలివితక్కువ మనిషి కాదు. పోయిన వేసవిలో మంచినీళ్ళ ట్యాంకు అడుగంటితే మూడొందల మందికీ బిందె బిందెగా పంచి, ఒక్క గొడవ రాకుండా నెట్టుకొచ్చింది. ఎవరి పిల్లకి ఏ రోజు జ్వరం వచ్చిందో చెప్పగలదు. అక్క బియ్యం చెరుగుతోంది. పక్కన కూర్చున్నాను.

"అక్కా, వచ్చే అమావాస్యకి గట్టు తెగితే ఏం చేద్దాం?"

"తెగలేదు కదే."

"తెగలేదు. తెగితే అంటున్నాను."

"ఎక్కడ తెగింది?"

"ఎక్కడా తెగలేదు అక్కా."

"మరి తెగలేదుగా," అంది అక్క, చేట పక్కన పెట్టి నా నుదురు తాకి చూస్తూ.

ఇంకోలా అడిగాను. ఎక్కడో ఇంకో గట్టు ఉందనుకో, దానికి పగులొచ్చిందనుకో, ఆ జనం ఏం చెయ్యాలి అన్నాను. ఏ ఊరి గట్టు, నేనెప్పుడూ చూళ్ళేదే అంది. వచ్చే నెల తెగుతుంది అని గట్టిగానే చెప్పి చూశాను. రేపు జరిగేవి గింజ పొద్దున్నే చెబుతుంది, గింజ చెప్పనిది రేపట్లో లేదు అంది. కోపంగా కాదు, పసిపిల్లకి చెప్పినట్టు చెప్పింది.

"తెగితే" అన్నప్పుడల్లా అక్క కళ్ళు ఒక్క క్షణం ఖాళీ అయ్యాయి. గింజ దగ్గర దానికి జత మాట లేదు. ఆ ఖాళీ నాకు తెలుసు, చేపలు ఆరబెట్టే చోట నేనందులో నిలబడ్డాను. అక్కని గింజ నిలబడనివ్వలేదు. వెంటనే ఇంకో మాట అందింది.

"అన్నం తిన్నావా?" అని అడిగింది.

63వ రోజు.

జనానికి చదువు లేకపోవడం వల్లనే ఇలా అయిందా అని మాస్టారిని అడిగాను. ఆయన చాలాసేపు ఆగారు. ఇప్పుడు ఆ ఆగడం నాకు అలవాటైంది.

"మా అమ్మకి వేలిముద్రే అమ్మాయ్," అన్నారు. "అయినా వానలకి ముందే పిడకలు అటకెక్కించేది. ఒకవేళ ముసురు పడితేనో అనేది. ఆ ఒకవేళ ఆవిడకి ఎవరూ అందించలేదు. తనే వెతుక్కుంది."

గింజ దగ్గర ఆ మాట ఎందుకు లేదని అడిగాను. మొదట్లో ఉండేదట. గింజ రెండు మూడు మాటలు అందిస్తే మనిషి ఒకటి తీసుకునేవాడు. గుండె దడ పుట్టించే మాట ఎవరు తీసుకుంటారు? తీసుకోని మాటని గింజ వెనక్కి నెట్టింది. రెండు తరాలకి అది అట్టడుక్కి పోయింది. ఆ పక్కనే చదవడం కూడా పోయింది, గింజ చదివి పెడుతుంటే కళ్ళు నొప్పి పెట్టుకోవడం దేనికని. కాగితమైతే మనల్ని ఊరుకోబెట్టాలని చూడదు, రాసింది రాసినట్టే ఉంటుంది అన్నారు.

ఆయన చేతులు సన్నబడ్డాయి. గంజి కూడా సగమే తాగుతున్నారు.

70వ రోజు.

మాస్టారు పోయారు. మధ్యాహ్నం వెళ్ళేసరికి గోడకి చేరగిలబడి ఉన్నారు. బావా నేనూ మరో ముగ్గురూ మోశాం.

ఈ గట్టు మీద చదవగలిగేది ఇక నేనొక్కదాన్నే. నేనేదైనా తప్పుగా రాస్తే దిద్దేవాళ్ళు లేరు. తప్పని చెప్పేవాళ్ళు కూడా లేరు.

76వ రోజు.

తూముకి తూర్పున, గట్టుకి మన వైపు అడుగున ఊట కనిపించింది. దోసిట్లో పట్టి చూశాను. తేటగా వస్తే ఫరవాలేదని, బురదగా వస్తే గట్టు లోపలి మట్టి కొట్టుకొస్తున్నట్టని మాస్టారు చెప్పి ఉన్నారు. బురదగా ఉంది.

బావకి చూపించాను. ఆయన ఒక్క మాట అడగలేదు. పార తెచ్చాడు, ఇరవై మందిని పిలిచాడు. పొద్దుగూకేదాకా ఇసక బస్తాలు మోశారు. ఊట చుట్టూ బస్తాలతో దడిలా కట్టి లోపల గులకరాళ్ళు పోశాం. బావ చేతులు బొబ్బలెక్కాయి. కంటికి కనిపించేదానికి ఈ జనం ప్రాణం పెడతారు. కనిపించనిదాన్ని వాళ్ళకి ఎలా చూపించాలో నాకు తెలియడం లేదు. పని అయ్యాక బావ బస్తా మీద కూర్చుని, ఇక మామూలేలే మరదలా అన్నాడు.

85వ రోజు. మిగిలింది: రెండడుగుల మూడంగుళాలు. అమావాస్యకి నాలుగు రోజులు.

తూర్పు గాలి మొదలైంది. నిన్న చేపలు పంచుకునే చోట అందరికీ చెప్పాను. గీతలు గీసి చూపించాను. బాగున్నాయి గీతలు అన్నారు. ఒకావిడ తన కూతురికి ముగ్గు నేర్పమంది. వాళ్ళు నన్ను ఎగతాళి చెయ్యడం లేదు, ప్రేమగానే ఉన్నారు. అదే నాకు ఎక్కువ భయంగా ఉంది. నీళ్ళలో మునిగిపోతూ కూడా వీళ్ళు నాతో ప్రేమగానే మాట్లాడతారు.

88వ రోజు. మిగిలింది: పదకొండు అంగుళాలు.

తూము గదిలో ఎర్ర మీట ఒకటి ఉంది. గట్టు తెగితే కాపలాదారు దాన్ని లాగాలి. లాగితే అందరి చెవుల్లోనూ గింజ చెబుతుంది, గట్టు తెగింది, దిబ్బ మీదికి నడవండి అని. ఇసకదిబ్బ ఇక్కడికి రెండు మైళ్ళు. తెగాక లాగితే ఎవరూ చేరరు. ఇళ్ళు నిండడానికి అంత సేపు పట్టదు.

తెగకముందే లాగాలంటే అబద్ధం చెప్పాలి. రేపు పొద్దున తొమ్మిదింటికి పోటు. తెల్లారగానే లాగుతాను. తెగకపోతే నన్ను ఈ పనిలోంచి తీసేస్తారు. తెగకపోవాలనే కోరుకుంటున్నాను.

89వ రోజు, అమావాస్య. దిబ్బ మీద.

గట్టు తెగలేదు. తెగిందని నేను చెప్పాను. ముందు ఆ మాట రాయాలి.

వెలుగు రాగానే మీట లాగాను. క్షణంలో అందరూ ఇళ్ళలోంచి బయటికి వచ్చారు. అరుపులూ ఏడుపులూ లేవు. తమకి ఇష్టమైన గొంతు చెప్పిన దారిన నడిచారు. చంకల్లో పిల్లలు, కొందరి చేతుల్లో మేకల పలుపులు. నేను పుస్తకం నడుముకి కట్టుకుని చివర నడిచాను. గాలి విపరీతంగా ఉంది. ఎనిమిది కావస్తుండగా దిబ్బ ఎక్కాం. లెక్కపెట్టాను. మూడు వందల పదకొండు మందిమీ ఉన్నాం.

బావ నా దగ్గరికి వచ్చాడు. ఆయన చేతిలో పార ఉంది. వెనక ముప్ఫై మంది, వాళ్ళ చేతుల్లోనూ పారలు, ఖాళీ సంచులు. ఇంటి నుంచి అవే తెచ్చుకున్నారు.

"మరదలా, తూర్పు పక్కేగా తెగింది? మొన్నటి ఊట కాడేనా?"

నడుముకి కట్టిన పుస్తకం ముడి బిగించుకున్నాను.

"పోటు ఎక్కకముందే బస్తాలేసి మూసేసి ఒచ్చేత్తాం. అక్కని చూసుకో."

అప్పుడు నేను "తెగలేదు బావా" అనాలి. ఆ రెండు మాటలూ నాలుక మీదే ఉన్నాయి. గింజ అడ్డం రాలేదు, నా చెవిలో గింజ లేదు. చుట్టూ అందరూ వింటున్నారు. ఆ మాట అంటే రెండు వందల ఎనభై మందీ లేచి, తెగలేదుగా అనుకుని, ఇళ్ళకి తిరిగి పోతారు. ఇంకో గంటలో పోటు. బావ వెళ్ళి చూస్తాడు, తెగలేదని తెలుసుకుంటాడు, నన్ను తిట్టుకుంటూ వెనక్కి వస్తాడు అనుకున్నాను. అలా అనుకోవడం నాకు అనుకూలంగా ఉంది కాబట్టి అనుకున్నాను.

తల ఊపాను.

వాళ్ళు దిగి వెళ్ళారు. గట్టు దగ్గరికి చేరడం దిబ్బ మీంచి కనిపించింది, చీమల్లా. వెనక్కి తిరుగుతారని చూశాను. తిరగలేదు. వంగి పనిచేస్తున్నట్టు కనిపించారు. తొమ్మిది దాటాక తూముకి తూర్పున గట్టు మీద తెల్లటి గీత ఒకటి కనిపించింది. అది నీళ్ళని తెలిసేలోపు ఆ చోట గట్టు లేదు. చప్పుడు తరవాత వచ్చింది. ఇళ్ళు, చేపల పాకలు, గింజలకి మాట పంపే స్తంభం, అన్నీ ఒకదాని వెంట ఒకటి పోయాయి.

ముప్ఫై ఒక్కరిలో ఎనిమిది మంది తాటిదుంగలు పట్టుకుని మధ్యాహ్నానికి దిబ్బకి కొట్టుకొచ్చారు. వాళ్ళలో బంగారమ్మ ఒకతె. ఆమె చెప్పింది: వాళ్ళు వెళ్ళేసరికి గట్టు తెగి లేదు. ఊట మాత్రం బాగా పెరిగింది. వెనక్కి పోదామని ఒకరన్నారు. రత్నం తెగిందని చెప్పింది, ఇదే అయ్యుంటుంది, పట్టండి అన్నాడట బావ.

బావ రాలేదు.

91వ రోజు.

స్తంభం పోయాక గింజలు పలకడం మానేశాయి. దిబ్బంతా సగం మాటలే వినిపిస్తున్నాయి. నాకు, నాకు అని ఒకరు. వాడు, వాడు అని ఇంకొకరు. ఏడవాలన్నా ఎవరి పేరు పెట్టి ఏడవాలో అందక నోరు తెరుచుకుని కూర్చున్నారు. ఒక ముసలాయన చెవిలో పుల్ల పెట్టి తిప్పుకుంటుంటే చెయ్యి పట్టి ఆపాను. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చెబుతున్నాను. తొందర లేదు, ఆగండి, మాట వస్తుంది, నాకూ ఇలాగే అయింది అని. పిల్లలకి ముందుగా వచ్చింది. రెండో రోజుకే గొడవలాడుకుంటున్నారు.

అక్క పలకడం లేదు. సముద్రం వైపే చూస్తోంది. గంజి తాగిస్తే తాగుతోంది.

94వ రోజు.

ఇవాళ పొద్దున అక్క నోరు విప్పింది. పక్కన కూర్చుని వల దారం చిక్కు తీస్తున్నాను. ఒక్కో మాటకీ ఆగి, వెతుక్కుని, పట్టుకుని చెప్పింది.

"ఆయన... ఎల్లకుండా... ఉండుంటే..."

నేను అందించలేదు. అందించకూడదని గోళ్ళు అరచేతిలో గుచ్చుకునేలా పిడికిలి బిగించాను.

"ఉండుంటే... ఇక్కడ కూచునుండేవాడు," అంది.

నెల రోజులు ఆ రకం మాట కోసం అక్క వెంటపడ్డాను. తీరా అది ఇలా వచ్చింది. లేనిదాన్ని అక్క చూడగలుగుతోంది. ఇక ఆగదు. వెళ్ళకుండా ఎవరైనా ఆపి ఉంటే అనుకుంటుంది. ఎవరు ఆపగలిగేవారు అనుకుంటుంది. దిబ్బ మీద మిగతావాళ్ళు కూడా ఇవాళో రేపో అక్కడికే చేరతారు. ఆ భయం కూడా వాళ్ళకి నేనే ఇచ్చాను.

సాయంత్రానికి అడిగింది.

"నువ్వా పుత్తకంలో రోజూ రాత్తావు కదా. ఆయనెళ్ళిన రోజుది చదువు."

చుట్టూ ఇరవై మందిదాకా చేరారు. పుస్తకం తెరిచాను. నేనేం చదివినా అదే ఉందనుకుంటారు. "వద్దు బావా అన్నాను, వినలేదు" అని చదవొచ్చు. ఆ వాక్యం తయారుగా ఉంది, ఎవరో అందించినంత సులువుగా వచ్చింది. వీళ్ళందరికీ ఇప్పుడు గింజని నేనే. ఆ సంగతి తెలిసిన క్షణంలో పుట్టిన భయం నీళ్ళని చూసినప్పుడు కూడా పుట్టలేదు.

రాసింది రాసినట్టు చదివాను. "తల ఊపాను" దగ్గర ఆగి, మంచినీళ్ళు తాగి మళ్ళీ చదివాను. బంగారమ్మ చెప్పిన మాటా, చివరి మాటా కూడా చదివాను. అక్క లేచి దిబ్బకి అవతలి వైపు వెళ్ళిపోయింది. మిగతావాళ్ళు ఒక్కొక్కరే లేచారు. చంటిపిల్లల తల్లి ఒకామె నా భుజం మీద చెయ్యి వేసి, మళ్ళీ తీసేసింది.

105వ రోజు.

పదకొండు రోజులుగా అక్క నాతో మాట్లాడలేదు. నేను వండింది తినలేదు. అటువైపు వెళ్తే లేచి పోతోంది. దిబ్బకి పడమట మంచినీటి గుంట తవ్వుతున్నాం. ఎనిమిదడుగుల్లో తడి తగిలింది. గుంట కూలితే ఏం చెయ్యాలని ఒకాయన అడిగాడు. అడిగి తనే ఉలిక్కిపడ్డాడు. దుంగలు అడ్డం పెట్టాం.

106వ రోజు.

మధ్యాహ్నం అక్క వచ్చింది. నా ఎదురుగా ఇసకలో కూర్చుంది. చేతిలో తాటిపుల్ల ఉంది.

"నాకు చదవడం నేర్పు."

సరే అన్నాను. ఎందుకని అడగలేదు. తనే చెప్పింది.

"ఆ రోజు నువ్వు చదివిందంతా అందులో ఉందో లేదో నాకు తెలీదు. ఇంకేమైనా ఉండి చదవకుండా దాటేశావేమో. నేనే చూసుకోవాలి."

"ఉన్నదంతా చదివాను అక్కా."

అక్క ఆగింది. తొందరపడకుండా వెతుక్కుంది.

"ఆయన అడిగితే కూడా తల ఊపావు కదే," అంది.

మాస్టారు నాకు తేలిక మాటలతో మొదలుపెట్టారు, పడవ, వల, తల అని. అలా మొదలుపెట్టబోతే అక్క వద్దంది. ఆ రోజు కాగితమే కావాలంది. తీసి ముందు పెట్టాను. మొదటి అక్షరం కింద వేలు పెట్టింది. "గ" అన్నాను. ఇసకలో రాసింది, చెరిపింది, మళ్ళీ రాసింది. చీకటి పడకముందు మొదటి రెండు మాటలు వచ్చాయి. తనే కూడబలుక్కుని చదివింది. గట్టు తెగలేదు. చదివాక నా వైపు చూసింది. ఆ చూపుని నేను రాయలేను.

ఈ లెక్కన అక్క ఆ కాగితం చివరికి చేరేసరికి వేసవి వస్తుంది. అప్పటిదాకా పుస్తకం తన దగ్గరే ఉంటుందంది. నేను మధ్యలో ఏదీ దిద్దకుండా.

ఇచ్చేశాను. ఇది విడి కాగితం మీద రాస్తున్నాను.